కుశలప్రశ్నల తర్వాత

అద్దాలావిడ పొద్దున్నే ఎనిమిదింటికి దుకాణం వెనక గదిలోకి వెళ్ళి, ఏప్రాన్ కట్టుకుని, సానచక్రం కింది తొట్టిలో నీళ్ళు పోసేది. ముందు గదిలో యజమాని కళ్ళు పరీక్షించి రాసిచ్చిన చీటీలు ఒక మేకుకి గుచ్చి ఉండేవి. ఒక్కొక్కటే తీసుకుని, అద్దం అంచుని చక్రానికి ఆనించి, ఫ్రేములో ఇమిడేదాకా అరగదీసేది. గాజుపొడి కలిసిన నీళ్ళు పాలలా తెల్లగా తొట్టిలోకి జారేవి. ఇరవయ్యేళ్ళుగా అదే పని. ఊళ్ళో సగంమంది ఆవిడ అరగదీసిన అద్దాల్లోంచే లోకాన్ని చూస్తున్నారు. వీధిలో ఎదురుపడితే మాత్రం ఆవిడని పోల్చుకునేవాళ్ళు తక్కువ.

ఆ పనికి ఆలోచన అక్కర్లేదు, చేతులకే అలవాటైపోయింది. అందుకే ఆ గదిలో నేల ఎప్పుడూ శుభ్రంగా ఉండేది. ఆలోచించాల్సి వచ్చినప్పుడే చిక్కు. ఆవిడ దేని గురించైనా నిజంగా ఆలోచించడం మొదలుపెడితే కూర్చున్న చోట కాళ్ళ చుట్టూ గడ్డి మొలిచేది. మట్టినేలైనా, సిమెంటైనా, పలకరాళ్ళైనా ఒకటే. ముందు సన్నటి పచ్చచుక్కలు కనిపించేవి, తర్వాత చీలమండ దాకా, ఆలోచన తెమలకపోతే మోకాలి దాకా వచ్చేది. తేలిపోగానే చివర్లు వాల్చేసి, సాయంత్రానికల్లా ఎండిపోయేది. చిన్నప్పుడు లెక్కల టీచరు ఆవిడని గుమ్మం పక్కన కూర్చోబెట్టేది, కోసి బయట పడెయ్యడానికి వీలుగా ఉంటుందని. పరీక్షల రోజుల్లో పక్కింటివాళ్ళు తమ కుందేళ్ళకోసం సంచీ పట్టుకుని వచ్చేవాళ్ళు.

పెళ్ళయింది. భర్త బీమా ఏజెంటు, కాలు ఒకచోట నిలవని మనిషి. కూర ఏం చెయ్యమంటావని ఆవిడ అడిగేలోపే తినేసి వెళ్ళిపోయే రకం. చెడ్డవాడేం కాదు. ఒక ఆదివారం సాయంత్రం బూట్ల లేసులు కట్టుకుంటూ, "నేను వెళ్ళిపోతే నీకేమన్నా ఇబ్బందా?" అని అడిగాడు. గొడవేం జరగలేదు, గొంతు కూడా మామూలుగానే ఉంది. ఆవిడ కుర్చీలో కూర్చుని ఆలోచించింది. అతను కాసేపు గుమ్మంలో నిలబడ్డాడు, గడియారం చూసుకున్నాడు, గడ్డి వంక చూశాడు, వెళ్ళిపోయాడు. ఆవిడకి జవాబు దొరికేసరికి గడ్డి కుర్చీ చేతుల ఎత్తుకి వచ్చింది, మంగళవారం మధ్యాహ్నమైంది. "ఇబ్బందే" అంది పైకి. వినడానికి ఇంట్లో ఎవరూ లేరు.

అప్పట్నుంచి ఆవిడ మాటలు తగ్గించుకుంది. "బాగున్నారా?" అంటే "బాగున్నాను, మీరు?" అనేది. "ఎండ మండిపోతోంది" అంటే "ఈసారి మరీనూ" అనేది. అలాంటివి ఓ పాతిక దాకా కంఠతా పెట్టుకుంది. వాటికి ఆలోచన అక్కర్లేదు కాబట్టి నేల పాడయ్యేది కాదు, అవతలివాళ్ళకీ ఆలస్యమయ్యేది కాదు. అయితే ఆ పాతికా అయిపోయాక ఇద్దరి మధ్యా ఇంకేమీ ఉండేది కాదు. ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. ఇంటికొచ్చి తలుపు వేసుకుంటే, మళ్ళీ పొద్దున దుకాణంలో యజమాని "వచ్చావా అమ్మా" అనేదాకా మనిషి గొంతు వినబడేది కాదు.

చదరంగం ఆ ఇబ్బంది లేని చోటు. అక్కడ ఆలోచించినందుకు ఎవరూ లేచి వెళ్ళిపోరు. గడియారంలో రెండు గంటలు నీవే అని రూలే ఉంది. మార్కెట్టు వెనక మేడ మీద చదరంగం హాలుంది. పథ్నాలుగేళ్ళుగా ఏటా అక్కడ జరిగే పోటీకి ఆవిడ తప్పకుండా వెళ్ళేది. హాలు ఊడ్చే మనిషిని అందరూ పిన్ని అనేవాళ్ళు. పోటీ రోజుల్లో పిన్ని చీపురుతో పాటు కొడవలి కూడా తెచ్చుకునేది. రిఫరీగా ఉండే డ్రిల్లు మాస్టారు ఎప్పుడో రిటైరయ్యారు, మెడలో ఈల మాత్రం అలాగే ఉంది. ఆవిడ బల్ల దగ్గరకి ఆయన మాటిమాటికీ రానక్కర్లేదు. దూరంగా కుర్చీలో కూర్చుని గడ్డి చివర్లు వాలాయా లేదా చూసుకుంటే చాలు, ఎత్తు పడబోతోందని తెలిసిపోయేది.

తెల్లపావులు వచ్చిన ప్రతిసారీ ఆవిడ ఆట ఒకేలా మొదలుపెట్టేది. మంత్రి ముందరి బంటు రెండు గళ్ళు ముందుకి. తర్వాత శకటు బయటికి. అది బయటికి వెళ్ళగానే వెనక తలుపు వేసుకున్నట్టు రాజు ముందరి బంటు ఒక గడి. ఆ పైన గుర్రం, ఇంకో బంటు, రెండో శకటు, రెండో గుర్రం, చివరికి రాజుని మూలకి చేర్చడం. మొత్తం ఎనిమిది ఎత్తులు. అవతలివాడు ఏం ఆడినా దాదాపు అవే. ఎనిమిదింటికీ కలిపి అర నిమిషం పట్టేది. హాల్లో వాళ్ళు ఆ ఆరంభానికి 'కుశలప్రశ్నలు' అని పేరు పెట్టారు. తొమ్మిదో ఎత్తు నుంచే గడ్డి. ఆ తర్వాత ఆవిడ ఆడే ఆట చాలా అందంగా ఉండేదని మాస్టారు అనేవారు, కానీ గట్టివాళ్ళతో ఆడితే ఏ ఆటా చివరిదాకా వచ్చేది కాదు. గెలవబోయే అలాంటి ఆటలన్నీ గడియారంలో టైము చాలక పోగొట్టుకుంది. పథ్నాలుగేళ్ళలో ఏడుసార్లు రెండో స్థానం.

ఆ ఏడాది పోటీ మొదటి రోజే కార్యదర్శి ఒక మాట చెప్పాడు. ఆయన పళ్ళ డాక్టరు, ఏ పనైనా మత్తు దిగేలోపు ముగించడం అలవాటు. కుర్రకారు రావట్లేదనీ, ఇంతసేపు కూర్చునే తీరిక ఎవరికీ లేదనీ, వచ్చే ఏడు నుంచి పది నిమిషాల ఆటలే ఉంటాయనీ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడా కొట్టింది, అందరూ కొడుతున్నారు కదా అని. ఆ రాత్రి అన్నం కంచం ముందు కూర్చుని ఆ పది నిమిషాల సంగతి ఆలోచించడం మొదలుపెట్టి, బల్ల కింద పచ్చగా కనబడగానే బలవంతంగా మానేసింది.

ఆఖరి రోజు ఆవిడకి ఎదురుపడింది గేటాయన. రైల్వే గేటు దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసినవాడు. ఏడాది కిందట అక్కడ వంతెన కట్టి గేటు తీసేశారు, ఆయన ఉండే గదిని కూడా పడగొట్టేశారు. కొన్నాళ్ళు అద్దె గదిలో గడిపాడు. ఇంక ఊళ్ళో చెయ్యడానికి పనీ లేదు, ఉండమనేవాళ్ళూ లేరు. దూరంగా ఉన్న అన్నగారు మేడ మీద గది ఖాళీగా ఉంది రమ్మంటే సరేనన్నాడు. చదరంగం గేటు గదిలో ఒక్కడే రెండువైపులా కూర్చుని నేర్చుకున్నాడట. హాలుకి రావడం అదే మొదటి ఏడు, అదే ఆఖరు కూడా. ఇనప్పెట్టె ఒకటి మోసుకొచ్చి గోడ పక్కన పెట్టి, తనకి నాలుగూ నలభైకి బండి ఉందని మాస్టారికి చెప్పాడు. మాస్టారు వేళ్ళు మడిచి లెక్కవేశారు. పన్నెండింటికి మొదలు, ఇద్దరికీ కలిపి నాలుగు గంటలు, ఎంత సాగదీసినా నాలుగింటికి అయిపోవాల్సిందే. స్టేషను పదిహేను నిమిషాల నడక. ఢోకా లేదన్నారు. పావులు సర్దుకుంటున్న అద్దాలావిడకి ఆ మాటలన్నీ వినబడ్డాయి.

గెలిస్తే మొదటి స్థానం ఆవిడదే. మాస్టారు గడియారం నొక్కారు. ఆవిడ మంత్రి ముందరి బంటుని రెండు గళ్ళు నడిపించి, అలవాటుగా శకటు మీదికి చెయ్యి పోనిచ్చింది.

గేటాయన తన రాజు ముందరి బంటుని రెండు గళ్ళు ముందుకి తోశాడు. నేరుగా ఆవిడ బంటు నోటి దగ్గరికి. ఇదిగో, తినండి అన్నట్టు.

ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇప్పుడు శకటు బయటికి వస్తే ఆ బంటు దాన్ని మింగేస్తుంది. కుశలప్రశ్నలు రెండో మాటకే తెగిపోయాయి. పథ్నాలుగేళ్ళలో ఎవరూ ఇలా ఆడలేదు. ఊరికే బంటుని పారేసుకోవడం ఏ తెలివైనవాడూ చెయ్యడు. ఆవిడ తలెత్తి చూసింది. గేటాయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు, మొహంలో ఎకసెక్కెం లేదు.

"మీ మొదటి ఎనిమిది ఎత్తులూ నాకు తెలుసండీ," అన్నాడు మెల్లగా. "వాటికి జవాబులు కూడా చూసి పెట్టుకున్నాను. కానీ అవి ఆడుకుంటూ కూర్చుంటే నేనెవరితో ఆడుతున్నానో నాకు తెలీదు."

ఆటలో మాట్లాడకూడదని మాస్టారు దగ్గారు. పలకల సందుల్లోంచి పచ్చచుక్కలు లేచాయి.

రెండో ఎత్తుకి ఆవిడకి యాభై నిమిషాలు పట్టింది. చివరికి బంటుని తినేసింది. ఈలోగా గడ్డి బల్ల ఎత్తుకి వచ్చి గడియారాన్ని కప్పేస్తే, పిన్ని వచ్చి రెండు ముళ్ళూ కనబడేలా చుట్టూ కోసి, కోసిన గడ్డి చంకలో పెట్టుకుని వెళ్ళింది. మామూలుగా ఆవిడతో ఆడేవాళ్ళు ఈపాటికి లేచి వరండాలో టీ తాగుతూ ఉండేవాళ్ళు, లేదా పక్క బల్లల దగ్గర తిరుగుతూ ఉండేవాళ్ళు. గేటాయన కదల్లేదు. కళ్ళు బోర్డు మీద, చేతులు మోకాళ్ళ మీద. దూరంగా బండి కూత వినబడినప్పుడల్లా తల ఓ పిసరు ఊపేవాడు, తెలిసినవాళ్ళు వీధిలో వెళ్తుంటే ఊపినట్టు.

తర్వాతి మూడు ఎత్తులూ కాస్త తొందరగానే పడ్డాయి. గేటాయన మంత్రి బయటికొచ్చి, చెక్ చెప్పి, పక్కకి జరిగి ఆవిడ కోటలో మూలనున్న బంటుని మింగి కూర్చుంది. ఆవిడ ఆరో ఎత్తు ఆడాలి. అప్పటికి ఒంటిగంటా పదిహేను. ఆవిడ గంటా పది నిమిషాలు ఖర్చుపెట్టింది, ఆయన అయిదు నిమిషాలు.

చూడగానే కంటికి ఇంపుగా కనిపించే ఎత్తు ఒకటుంది. శకటుని ఒక గడి ముందుకి తోసి ఆ మంత్రిని తరమడం. ఆవిడ వేళ్ళు దాని దాకా వెళ్ళి వెనక్కి వచ్చాయి. ఏదో తేడాగా ఉంది. కళ్ళు మూసుకుంది. గడ్డి మళ్ళీ లేచింది.

ఒక్కొక్క బల్లే ఖాళీ అయింది. గెలిచినవాళ్ళు గట్టిగా, ఓడినవాళ్ళు ఇంకా గట్టిగా మాట్లాడుకుంటూ మెట్లు దిగి భోజనాలకి వెళ్ళిపోయారు. కార్యదర్శికి క్లినిక్కులో ఎవరో దవడ పట్టుకుని ఎదురుచూస్తున్నారట, కప్పు మాస్టారి చేతికిచ్చి ఆయనా వెళ్ళిపోయాడు. పిన్ని ఇంటికెళ్ళింది. మాస్టారు టిఫిను డబ్బా విప్పి తిని, చెయ్యి కడుక్కొచ్చి, గడ్డి చివర్లు నిటారుగానే ఉన్నాయని చూసుకుని, కుర్చీలో మెడ వెనక్కి వాల్చారు. గురక మొదలైంది.

ఒంటిగంటా నలభై ఒకటికి ఒక గడ్డిపోచ గడియారం వెనక తాళం తిప్పే కన్నంలోకి దూరింది. టిక్కు టిక్కుమంటున్న చప్పుడు ఓసారి తడబడింది, ఆగిపోయింది.

గేటాయన చూశాడు. ఆవిడ చూడలేదు, కళ్ళు మూసుకునే ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళు గడియారం చూసి గేటు వేసి, గడియారం చూసి గేటు తీసిన మనిషి. ఆగిపోయిన గడియారాన్ని అంత దగ్గరగా చూస్తూ ఊరుకోవడం ఆయనకి ఏమంత తేలిక కాదు. ఒకసారి నోరు తెరిచాడు. మాస్టారి వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు.

రెండయింది. మూడయింది. కిటికీలోంచి పడే ఎండ బోర్డు మీదికి ఎక్కి, తెల్లరాజుని దాటి, అవతలికి దిగిపోయింది. మధ్యలో మాస్టారు ఒకసారి మెలకువ వచ్చి చూశారు, గడ్డి ఇంకా పెరుగుతూనే ఉంది, మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. హాలంతా పొలం గట్టు వాసన. ఇద్దరికీ మధ్య ముప్పై పావులూ, వాటి చుట్టూ భుజాల ఎత్తున గడ్డీ. ఆవిడకి గేటాయన మొహం సగమే కనబడుతోంది. ఆయనకీ అంతే.

నాలుగయింది. నాలుగుంబావు. గోడ పక్కన ఇనప్పెట్టె ఉంది. గేటాయన దాని వైపు ఒక్కసారి చూశాడు.

నాలుగూ నలభైకి బండి కూత వేసింది. స్టేషను వైపు నుంచి ఒకటి, వంతెన కింద వెళ్తూ ఇంకొకటి. తర్వాత చక్రాల చప్పుడు, అది కూడా పలచబడి పోయింది. ఈసారి గేటాయన తల ఊపలేదు.

గడ్డి చివర్లు వాలిపోయాయి.

ఆవిడ కళ్ళు తెరిచి, ఇంట్లో ఉన్న గుర్రాన్ని తీసి మంత్రికి ఎదురుగా పెట్టింది. శకటుని కాదు. శకటుని పెట్టి ఉంటే మూడు ఎత్తుల్లో ఆట కట్టు, అదీ ఆవిడకే. ఆ బంటుని పారేసుకోవడంలో దాగి ఉన్న ఉచ్చు అదే. ఇప్పుడు ఉచ్చు ఖాళీ అయింది. గేటాయన బోర్డు చూసి, మెచ్చుకున్నట్టు ముక్కు రుద్దుకున్నాడు. ఆవిడ గడియారం నొక్కింది. నొక్కితే కదల్లేదు.

మాస్టారు ఉలిక్కిపడి లేచారు. గడియారం ఎత్తి చూశారు, వెనక గడ్డిపోచని లాగారు, చేతి గడియారం చూసుకున్నారు. ఆయన మొహం పాలిపోయింది.

"ఇదెప్పుడు ఆగింది?"

"ఒంటిగంటా నలభై ఒకటికండీ," అన్నాడు గేటాయన. "గూడ్సు వెళ్ళిన వెంటనే."

"చూశారా? చూసి చెప్పలేదా?"

"ఆవిడ ఆలోచిస్తున్నారు కదా మాస్టారూ."

మాస్టారు కాసేపు ఈల పట్టుకుని నిలబడ్డారు. రూల్సు పుస్తకం తిరగేశారు. గడ్డి గురించి అందులో ఏమీ లేదు, గడియారం ఆగితే రిఫరీ ఇష్టమని మాత్రం ఉంది. మీకేమైనా అభ్యంతరమా అని గేటాయనని అడిగారు. లేదన్నాడు. మాస్టారు బీరువాలోంచి వేరే గడియారం తెచ్చి, ఆవిడకి ఇరవై నాలుగు నిమిషాలు పెట్టారు.

తర్వాతి ఆటకి అంత సేపు పట్టలేదు. ఆలోచించాల్సిందంతా ఆవిడ ముందే ఆలోచించేసింది. ఎత్తు వెంట ఎత్తు, చేతులు సానచక్రం దగ్గర ఆడినట్టే ఆడాయి. ఎండిపోతున్న గడ్డి గలగలమంటోంది. ఇరవై ఏడో ఎత్తు దగ్గర గేటాయన తన రాజుని పడుకోబెట్టి చెయ్యి చాచాడు. ఆవిడ గడియారంలో ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి.

చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు. మాస్టారు జేబురుమాలుతో కప్పు తుడిచి ఆవిడ చేతికిచ్చి, చాలా బాగుందమ్మా అన్నారు. హాలు తాళం వెయ్యాలి, ఆరింటికి వేరేవాళ్ళు వస్తారు అని కూడా అన్నారు. కప్పు ఇంత బరువుంటుందని ఆవిడ అనుకోలేదు. దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక బిందెలా చంకలో పెట్టుకుంది.

మెట్లు దిగుతుంటే, కూర్చుని కూర్చుని కాళ్ళు పట్టేసి గేటాయన పెట్టె ఒక్కడే మొయ్యలేకపోతున్నాడు. పెట్టెకి రెండు పిడులున్నాయి. రెండో పిడి ఆవిడ పట్టుకుంది. కింది మెట్టు మీద ఇద్దరూ పెట్టె దించి ఊపిరి తీసుకున్నారు. ఆటయ్యాక ఆ ఆట గురించి మాట్లాడుకోవడం ఆడేవాళ్ళకి ఆనవాయితీ. ఆవిడతో మాత్రం ఎవరూ ఎప్పుడూ కూర్చోలేదు. గేటాయన కూర్చున్నాడు.

"ఆ ఆరో ఎత్తుకి మూడున్నర గంటలు పట్టింది. అంతసేపు ఏం ఆలోచించారండీ?"

మెట్టు పగుల్లోంచి గడ్డి కొద్దిగా తల ఎత్తింది. ఆయన దాన్ని చూసి, పెట్టెకి ఆనుకుని సర్దుకుని కూర్చున్నాడు. వీధిలో దుకాణాలవాళ్ళు తలుపుల ముందు నీళ్ళు చల్లుకుంటున్నారు. ఒక సైకిలు వెళ్ళింది, ఇంకోటి వెళ్ళింది.

"ఎత్తు రెండింటికల్లా దొరికిపోయింది," అంది ఆవిడ. "ఆ తర్వాత మీ బండి గురించి ఆలోచించాను."

"నా బండి గురించా?"

"మీకు టైమవుతోందని చెప్పాలా వద్దా అని. చెప్తే మీరు లేచి వెళ్ళిపోతారు. చెప్పకపోతే బండి పోతుంది. ఏది చెయ్యాలో తేలేసరికి కూత వినబడింది."

"ఇంతకీ ఏం తేలింది?"

"చెప్పాలనే తేలింది." ఆవిడ తల వంచుకుంది. "ఏం లాభం. నాకు ప్రతిదీ ఇలాగే అవుతుంది. తప్పు నాదేనండీ."

ఆ కూత తనకీ వినబడిందనీ, ఆ బండి టైము తనకి ఒకరు చెప్పాల్సిన పని లేదనీ అన్నాడు గేటాయన. మూడుంబావుకొకటి పోతుంది, నాలుగూ అయిదుకి సరుకుల బండి, ఆ తర్వాత ఇదీ. నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. లేవాలని రెండుసార్లు అనుకున్నాడట కూడా.

"మరెందుకు లేవలేదు?"

"గేటు దగ్గర అందరూ నా మొహంలోకే చూసేవాళ్ళండీ," అన్నాడు. "గేటు ఎప్పుడు తీస్తావని. తియ్యగానే వెళ్ళిపోయేవాళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళలో నాకెదురుగా ఇంతసేపు కూర్చున్న మనిషి ఎవరూ లేరు."

దానికి కంఠతా వచ్చిన పాతిక మాటల్లో ఏదీ అతకలేదు. ఆయన జవాబు కోసం చూడలేదు. కాసేపటికి లేచి, టిక్కెట్టు మార్పించుకోవాలి, రేపు అదే టైముకి ఇంకో బండి ఉంది అన్నాడు. అన్నయ్య అక్కడ స్టేషనుకి వచ్చి ఎదురుచూస్తాడు, కబురు కూడా చెయ్యాలి. మళ్ళీ చెరో పిడీ పట్టుకున్నారు. దారి పొడుగునా ఆట గురించే మాట్లాడుకున్నారు. పదకొండో ఎత్తుకి ఏనుగుని అటు జరిపి ఉంటే ఏమయ్యేదో ఆయన చెప్తే, ఆవిడ రెండు వీధులు దాటాక అలా జరిపినా లాభం లేదని చెప్పింది. ఎందుకు లేదో మూడో వీధిలో చెప్పింది. ఆయన నడక తగ్గించుకున్నాడు.

స్టేషన్లో జనం పలచగా ఉన్నారు. ఆవిడని పెట్టెతో సహా బెంచీ మీద కూర్చోబెట్టి గేటాయన కౌంటరు దగ్గరకి వెళ్ళాడు. గుమస్తా ఆయన్ని గుర్తుపట్టాడు, పలకరించాడు. పోయిన బండి టిక్కెట్టు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ముద్ర చేతిలోకి తీసుకున్నాడు.

"రేపటికే మార్చెయ్యమంటారా?" అని అడిగాడు.

గేటాయన అవునని చెప్పడానికే నోరు తెరిచాడు. బండ్ల సంగతిలో ఆయనెప్పుడూ తడుముకోలేదు. కానీ మాట రాలేదు. చెయ్యి కౌంటరు మీద ఆనించి అలాగే నిలబడిపోయాడు. వెనకాల ఇద్దరు మనుషులు వచ్చి నిలబడ్డారు, కాసేపు చూసి పక్క కౌంటరుకి వెళ్ళారు. గుమస్తా ముద్ర పట్టుకుని వేచి చూశాడు. కిటికీలోంచి కాస్త ముందుకి వంగి కిందికి చూశాడు. గేటాయన బూట్ల చుట్టూ, సిమెంటు పగుల్లోంచి, సన్నగా, పచ్చగా నాలుగు పోచలు లేచాయి.

"తీరిగ్గా చెప్పండి," అని గుమస్తా ముద్ర కింద పెట్టేసి, టీ తెప్పించుకున్నాడు.

బెంచీ మీద నుంచి ఆవిడకి ఆయన వీపు మాత్రమే కనబడుతోంది, వంగిన మెడా, నెరిసిన జుట్టూ, కాళ్ళ దగ్గర పెరుగుతున్న ఆ గడ్డీ. తన కోసం జనం ఎన్నిసార్లు ఇలా నిలబడి ఉంటారో, ఎన్నిసార్లు విసుగెత్తి వెళ్ళిపోయి ఉంటారో ఆవిడకి తెలుసు. ఎదురుచూడటం ఎలా ఉంటుందో మాత్రం తెలీదు. కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో, చేతులేం చేసుకోవాలో తోచలేదు. ఏదో ఒక బండి వచ్చింది, మనుషులు దిగారు, ఎక్కారు, వెళ్ళిపోయింది. ఆయన వెనక్కి తిరగలేదు. ఆవిడ కప్పుని పెట్టె మీద పెట్టి, చెప్పులు విడిచి, కాళ్ళు బెంచీ మీదికి మడుచుకుని కూర్చుంది.